విమర్శకు వంటగదే సమాధానం

‘సూరత్ నూ జమణ్ అనే కాశీ నూ మరణ్’ అని గుజరాతీలో ఒక సామెత ఉంది. భోజనం చేస్తే సూరత్‌లో చేయాలి, కన్నుమూస్తే కాశీలో కన్నుమూయాలి అని దాని భావం. శీతకాలంలో ఉంధియూ, లేత జొన్నగింజల పోంక్, శరత్పూర్ణిమ మరునాడు వచ్చే చాందనీ పడవో పండుగకు ఘారీ మిఠాయి, ప్రొద్దుటి పూట ఆవిరిపై ఉడికిన లోచో – ఇవన్నీ ఆ నగరానికి పేరు తెచ్చిన రుచులు. ఖమణ్ చేయబోయి పిండి కుదరక చెడిపోగా లోచో పుట్టిందని అక్కడివారు నవ్వుతూ చెప్పుకుంటారు. గుజరాతీలో ఆ మాటకు గందరగోళమనే అర్థం కూడా ఉన్నది. జరిగిన పొరపాటును సరిదిద్దుకొని, దానికి రుచిని కూడా జోడించిన ఊరు సూరత్ అన్నమాట.

పూర్వపు వరంగల్, కరీంనగర్, నల్లగొండ జిల్లాల నుండి బ్రతుకుతెరువు కోసం తరలివెళ్ళిన చేనేత కుటుంబాలు దశాబ్దాలుగా ఆ నగరంలో స్థిరపడి ఉన్నాయి. లింబాయత్, ఉధనా పరిసరాలలో మరమగ్గాల చప్పుడు మధ్య తెలుగు మాట వినిపిస్తుంది. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నెలకొల్పడాన్ని బట్టి అక్కడ మనవారి సంఖ్య ఎంతటిదో ఊహించవచ్చును. హజీరా, కవాస్ ప్రాంతాలలోని పెద్ద పరిశ్రమలకు బదిలీపై వెళ్ళే మన ఉద్యోగులకు, ముఖ్యంగా కుటుంబాన్ని స్వస్థలంలో విడిచి వెళ్ళేవారికి, ఆ పేటలలోని చిన్న చిన్న తెలుగు మెస్సులే ఆధారం. అటువంటి ఒక మెస్సుకు సంబంధించినదే ఈ వ్యాసం. ఇందులో మేము చెప్పదలచుకొన్న విషయం ఆ యజమానిని గురించి ఎంతో, మమ్ములను గురించి కూడా అంతే.

మేము వ్రాసినది

గత సంవత్సరం ఈ పుటలలోనే సూరత్‌లో తెలుగు భోజన వసతులను గురించి మేమొక వ్యాసం ప్రచురించిన సంగతి పాఠకులకు జ్ఞాపకం ఉండవచ్చును. నాలుగు భోజనశాలలను సందర్శించి వ్రాసిన వ్యాసమది. మూడింటిని మెచ్చుకొన్నాము. నాలుగవదానిని గురించి నాలుగు వాక్యాలు వ్రాశాము: రాత్రి వడ్డించిన అన్నం మధ్యాహ్నం వండినది, చేతులు కడుగుకొనే తొట్టిలోనే పళ్ళాలు తోముతున్నారు, త్రాగునీటికి వాసన ఉన్నది, యజమానికి శుభ్రతపై శ్రద్ధ లేదు.

మెస్సు పేరు మేము వేయలేదు. పేరు వేయకపోవడమే మర్యాద అని భావించాము. అయితే ‘రైలు పట్టాల ప్రక్కన, వేపచెట్టు నీడలో’ అని గుర్తు చెప్పాము. ఆ పేటలో రైలు పట్టాల ప్రక్కన వేపచెట్టు నీడలో ఉన్న తెలుగు మెస్సు ఒక్కటే. పత్రిక అందిన వారం రోజులలో నెల కార్డుపై భోజనం చేసేవారిలో సగానికి పైగా మానివేశారని మాకు తరువాత తెలిసింది.

రెండు నెలల అనంతరం మా కార్యాలయానికి ఒక ఉత్తరం వచ్చింది. గీతల నోటుపుస్తకం నుండి చింపిన నాలుగు కాగితాలు. వ్రాత గుండ్రంగా, శ్రద్ధగా ఉన్నది. తొమ్మిదవ తరగతి చదువుతున్న కూతురు చేత వ్రాయించానని చివర యజమాని స్వయంగా పేర్కొన్నాడు. ఆ ఉత్తరం చదివిన తరువాత మేము సూరత్ బయలుదేరక తప్పలేదు.

యజమాని జవాబు

యాభై సంవత్సరాలు పైబడిన మనిషి. పదిహేనేళ్ళ ప్రాయంలో పూర్వపు కరీంనగర్ జిల్లా నుండి మేనమామ వెంట సూరత్ చేరి, కొంతకాలం మగ్గంపైన, కొంతకాలం హోటళ్ళలోను పనిచేసి, చివరకు భార్యతో కలిసి ఈ మెస్సు తెరిచాడు. ఇప్పుడు ఆ చిన్న వంటగదిపై ఇద్దరు వంటవారి, ఇద్దరు సర్వర్ల కుటుంబాలు కూడా ఆధారపడి ఉన్నాయి. మమ్ములను చూసి కోపగించుకొంటాడని మేము సందేహించాము. కుర్చీ తుడిచి కూర్చోబెట్టి, మజ్జిగ ఇప్పించి, అప్పుడు మాట మొదలుపెట్టాడు.

“సార్, మీరు రాసింది అబద్ధమని నేనంటలేను. కని అచ్చుల చూసేటాల్లకు పానం దిగులైంది. ముందుగాల మస్తు కోపంల ఒక ఉత్తరం రాయించిన. మా ఇంటామె సదివిచ్చుకొని, ‘ఒర్రుడెందుకు, ముందుగాల మోరి బాగుజేయించు’ అన్నది. ఆ ఉత్తరం చింపేసిన. మోరి బాగైనంకనే మీకు రెండో ఉత్తరం రాయించిన.”

ఆ రెండవ ఉత్తరంలో మా నాలుగు వాక్యాలకు నాలుగు సమాధానాలు ఉన్నాయి. అన్నం సంగతి నిజమేనని ఒప్పుకొన్నాడు. తొట్టి సంగతీ నిజమే. నీటి వాసన కూడా నిజమే గాని, ఆ వారం ఆ వీధిలో గొట్టాలు త్రవ్వి ఉన్నందున వీధి వీధంతా ట్యాంకరు నీరు పట్టుకొన్నదని, కావాలంటే ఇరుగుపొరుగును విచారించుకోవచ్చునని వ్రాశాడు. మేము విచారించాము. అది నిజమని తేలింది. నాలుగవ వాక్యానికి మాత్రం ఉత్తరంలో ఒకే ఒక్క ప్రశ్న ఉన్నది: “తొట్టి చూసిండ్రు, నీళ్లు చూసిండ్రు, మంచిదే, నా మనసెట్ల చూసిండ్రు సార్?”

ఈ ప్రశ్నకు మా వద్ద సమాధానం లేదు. మా పరిశీలకులు వెళ్ళినది ఒకే ఒక్క రోజు. కనిపించిన లోపాన్ని అక్కడికక్కడ యజమానికి చెప్పలేదు; చెప్పి, అతడేమంటాడో వినలేదు. తొట్టిలోని మురికిని కన్ను చూడగలదు. శ్రద్ధ ఉన్నదో లేదో తేల్చడానికి ఒక పూట భోజనం చాలదు. నాలుగవ వాక్యం వ్రాయకుండా ఉండవలసినదని ఈ సందర్భంగా అంగీకరిస్తున్నాము.

చల్లారిన అన్నం – కనిపించని అపాయం

మొదటి వాక్యం విషయంలో మాత్రం మేము వెనుకకు తగ్గలేదు. యజమాని కూడా తగ్గమని అడగలేదు. మధ్యాహ్నం వండిన అన్నాన్ని రాత్రి వడ్డించడం మన ఇండ్లలోనూ జరిగేదే. అందువలన దీనిని కొంచెం వివరించడం అవసరం.

బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజరూపంలో ఉండే అవకాశమున్నది. అన్నం ఉడికినా ఆ బీజాలు నశించవు. అన్నం గది ఉష్ణోగ్రతలో గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి వృద్ధి చెందుతాయి. వాంతులు కలిగించే విషపదార్థాన్ని విడుదల చేస్తాయి. ఆ విషం తిరిగి వేడిచేసినా పోదు. 5 డిగ్రీల నుండి 60 డిగ్రీల సెల్సియస్ వరకు గల వేడిమి సూక్ష్మజీవులు త్వరగా పెరగడానికి అనువైనది. కనుక వండిన పదార్థం వడ్డించేవరకు 60 డిగ్రీలకు పైన వేడిగానైనా ఉండాలి, లేదా త్వరగా చల్లార్చి 5 డిగ్రీలకు లోపల శీతల పెట్టెలోనైనా ఉంచాలి. పెద్ద డేగిసాలోని అన్నం నడిమి భాగం గంటల తరబడి గోరువెచ్చగా మిగులుతుంది. సరిగ్గా అక్కడే అపాయం. వెడల్పాటి పళ్ళెములలో పలుచగా పరచితే త్వరగా చల్లారుతుందని గృహిణులు గమనించగలరు.

ఇది తెలియజెప్పినప్పుడు యజమాని ఆశ్చర్యపోయాడు. “పాసిపోతే వాసనొస్తది గద సార్, వాసన రాకుంటె మంచిదే అనుకున్న” అన్నాడు. చాలామంది అభిప్రాయమూ ఇదే. వాసన రాకపోవడం క్షేమానికి హామీ కాదు.

ఒక నగరం ఎదుర్కొన్న విమర్శ

మాటల సందర్భంలో అతడు 1994 సంగతి ఎత్తాడు. ఆ ఏడు సెప్టెంబరులో సూరత్‌లో ఊపిరితిత్తుల ప్లేగు తలయెత్తింది. వర్షాలకు, వరదకు లోతట్టు ప్రాంతాలలో నీరు నిలిచి, చెత్త పేరుకుపోయి ఉన్న తరుణమది. యాభై మందికి పైగా మరణించారు. లక్షలాది జనం రైళ్ళలో, బస్సులలో, దొరికిన వాహనంలో నగరం విడిచి వెళ్ళారు. అప్పటికి యువకుడైన మన యజమాని కూడా కిక్కిరిసిన రైలులో నిలబడి స్వగ్రామం చేరుకొన్నాడు. కొన్ని దేశాలు భారతదేశానికి విమానాలు నిలిపివేశాయి. ప్రపంచ పత్రికలన్నీ సూరత్ మురికిని గురించి వ్రాశాయి. ఒక నగరంపై అంతకంటే కఠినమైన సమీక్ష మరొకటి ఉండబోదు.

ఆ వ్యాధి నిజంగా ప్లేగేనా అని శాస్త్రజ్ఞుల మధ్య చాలాకాలం వాదం నడిచింది. అది ప్లేగు క్రిమేనని మన హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు జన్యుపరీక్షల ఆధారంగా 2000లో ప్రకటించారు. అయితే సూరత్ ఆ తీర్పు కోసం చేతులు ముడుచుకొని కూర్చోలేదు.

1995 మే నెలలో నగరపాలక కమిషనరుగా శ్రీ ఎస్.ఆర్. రావు బాధ్యతలు స్వీకరించారు. సూర్యదేవర రామచంద్రరావు అనే పూర్తి పేరు వినగానే మన పాఠకులకు ఆత్మీయత కలగడం సహజం. నగరాన్ని 6 మండలాలుగా విభజించి, ఒక్కొక్కదానిని ఒక్కొక్క అధికారికి అప్పగించి, నిర్ణయాధికారం కూడా ఇచ్చారు. ‘ఎ.సి. నుండి డి.సి.కి’ అనేది ఆ రోజులలో ప్రసిద్ధికెక్కిన నినాదం. ఎయిర్ కండిషన్ గదులను వదిలి డైలీ చోర్స్‌కు, అనగా నిత్యకృత్యాలకు, అధికారులు వీధిలోనికి రావాలని దాని తాత్పర్యం. ప్రతి ఉదయం కమిషనరుతో సహా అధికారులందరూ వీధులలో కనిపించేవారు. రాత్రివేళ రోడ్లు ఊడ్చడం అప్పుడే మొదలైంది. హోటళ్ళు, మిఠాయి దుకాణాలు తనిఖీకి గురి అయినాయి. శుభ్రత పాటించనివారికి జరిమానాలు, మూసివేతలు తప్పలేదు. పెద్దవారి కట్టడమైనా అక్రమమైతే కూల్చివేశారు. ప్రజలకు నమ్మకం కుదిరినది అక్కడే. కొద్దికాలంలోనే, చండీగఢ్ తరువాత దేశంలో పరిశుభ్రమైన రెండవ నగరంగా ఇంటాక్ సంస్థ సూరత్‌ను గుర్తించింది. 1998లో శ్రీ రావుకు పద్మశ్రీ లభించింది. ఆ అలవాటు తరువాత కూడా నిలిచింది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో సూరత్ ఇందోర్‌తో పాటు ప్రథమ స్థానం పంచుకొన్నది.

ఆ తనిఖీల కాలంలో మన యజమాని ఒక చిన్న హోటలులో పళ్ళాలు కడిగేవాడు. తాను చూచినది ఇట్లా చెప్పాడు: “మా సేటు, పక్క సేటు ఇద్దరి దుకాణాలు ఒక్కనాడే మూసిపిచ్చిండ్రు. పక్క సేటు నెల దినాలు ఆఫీసులెంబడి తిరిగి కొట్లాడిండు. మా సేటు మాతోనే గోడలు గోకిపిచ్చి, సున్నమేపిచ్చి, మళ్ల పిలిచి చూపిచ్చిండు. వారానికే తెరిచినం. గా సంగతి యాదికొచ్చే మొన్న ఉత్తరం చింపేసిన సార్.”

పెద్ద నగరం నేర్చుకొన్న పాఠం ఒక చిన్న వంటగదిలో ఇన్నేళ్ళకు అక్కరకు వచ్చిందన్నమాట.

రెండవ సందర్శన

అతడు చెప్పిన దిద్దుబాట్లను నమ్మి వ్రాయడం మొదటి తప్పును మరొక రూపంలో చేయడమే అవుతుంది. కనుక మూడు రోజుల తరువాత, ముందుగా తెలియపరచకుండా, రాత్రి 9 గంటలకు వెళ్ళాము. వంటగదిలోనికి వస్తామన్నాము. అడ్డు చెప్పలేదు.

పళ్ళాలు కడగడానికి వెనుకవైపు వేరే తొట్టి కట్టించాడు. అందుకోసం ఒక బల్ల తీసివేయవలసి వచ్చింది. నలుగురు కూర్చొనే చోటు పోయింది. పదహారు మంది కూర్చొనే మెస్సులో అది చిన్న నష్టమేమీ కాదు. మోరీపై పలక పరచి, జాలీ బిగించాడు. త్రాగునీరు కాచి, మూత గల డ్రమ్ములో పోసి, కుళాయి అమర్చాడు. రాత్రి భోజనానికి అన్నం విడిగా, అది కూడా రెండు విడతలుగా వండుతున్నారు. దీనివలన గ్యాసు ఖర్చు పెరిగింది. భోజనం ధర పెంచితే మిగిలిన ఖాతాదారులు కూడా పోతారేమోనని అతడు ఆ భారం తానే మోస్తున్నాడు. కొన్ని రోజులు అన్నం చాలక ఆలస్యంగా వచ్చినవారికి రొట్టెలు పెట్టవలసి వచ్చిందని అతని భార్య చెప్పింది. “నిన్నటి బువ్వ పెట్టుడుకన్న నయమే గద అన్నా” అని కూడా అన్నది.

ఆహార భద్రతా ప్రమాణాల చట్టం 2006లో వచ్చి, 2011 ఆగస్టు 5 నుండి అమలులోనికి వచ్చింది. అంతకు పూర్వం 1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టం ఉండేది. కొత్త చట్టం ప్రకారం చిన్న భోజనశాలలు కూడా నమోదు చేయించుకొని, ఆ పత్రాన్ని అందరికీ కనిపించేట్లు ఉంచాలి. ఈ మెస్సులో ఆ పత్రం మొదటి నుండీ గోడకు ఉన్నది. మొదటిసారి మా పరిశీలకులు దానిని గమనించలేదు.

అన్నీ చక్కబడినవని చెప్పము. చేతులు తుడుచుకొనే తువ్వాలు మాసి ఉన్నది. ఈ పర్యాయం పత్రికలో వ్రాయడానికి ముందు యజమానికే చెప్పాము. అతడు తువ్వాలును తీసి లోపల పడవేసి, “గిప్పుడు మొకం మీద చెప్పిండ్రు, గిది మంచిగున్నది” అన్నాడు. మానివేసిన ఖాతాదారులలో కొందరు తిరిగి వచ్చారు. అందరూ రాలేదు. వేరే చోట కుదురుకొన్నవారు ఇక రాకపోవచ్చును కూడా. అచ్చయిన మాట వెనుకకు తీసుకోవడం అంత తేలిక కాదు.

మనం గ్రహించవలసినది

ఈ రోజులలో చేతిలోని ఫోనుతో ఎవరైనా ఏ భోజనశాలను గురించి అయినా క్షణంలో అభిప్రాయం ప్రకటించవచ్చును. ఆ అభిప్రాయాల సేకరణకు, ప్రచురణకు ప్రమాణాలు అవసరమని గుర్తించి భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ఐ.ఎస్. 19000 అనే ప్రమాణాన్ని వెలువరించింది. ప్రమాణాలు ఎన్ని ఉన్నా, వ్రాసేవారికి కొంత నిగ్రహం కావాలి. చూచినది వ్రాయాలి, ఊహించినది వ్రాయకూడదు. ఎప్పుడు, ఎన్నిసార్లు చూచామో చెప్పాలి. సాధ్యమైతే ముందు సంబంధించిన వ్యక్తికి తెలుపాలి. లోపం దిద్దుకొన్నారని తెలిస్తే, లోపాన్ని ప్రకటించిన చోటనే దిద్దుబాటును కూడా ప్రకటించాలి.

విమర్శకు గురి అయినవారికి కూడా ఈ మెస్సు యజమాని నుండి నేర్చుకోదగినది ఉన్నది. వచ్చిన విమర్శను ఒక ముద్దగా చూడక విడివిడి వాక్యాలుగా చూశాడు. నిజమైనదానిని ఒప్పుకొన్నాడు, కారణం వేరైనచోట కారణం చూపాడు, అన్యాయమైనదానిని ప్రశ్నించాడు. పని ముందు చేసి ఉత్తరం తరువాత వ్రాశాడు.

పరిశ్రమలలో పనిచేసే మనకు ఇది కొత్త సంగతి కాదు. భద్రతా తనిఖీ నివేదికలు, నాణ్యతా బృందాల సూచనలు మన నిత్యజీవితంలో భాగమే. 250 మందికి పైబడి పనిచేసే కర్మాగారాలలో క్యాంటీను ఉండాలనే నిబంధనకు వీలు కల్పించిన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, దాని నిర్వహణలో కార్మిక ప్రతినిధుల సలహాకు కూడా చోటిచ్చింది. తినేవాని మాట వండేవాని చెవిన పడాలన్నదే అందులోని ఆంతర్యం. మన విభాగంలోని లోపాన్ని ఎవరైనా చూపినప్పుడు మొదట మనకు ఏ ఉత్తరం వ్రాయాలనిపిస్తుంది, చింపివేయదగినదా, రెండవదా అని ఎవరికి వారు ప్రశ్నించుకోవడం మంచిది.

మేము సెలవు తీసుకొనే ముందు యజమాని ఒక కోరిక కోరాడు. “తప్పు అచ్చేసిండ్రు గద, బాగుజేసుకున్నది గూడ అచ్చేస్తరా సార్?” అన్నాడు. ఈ వ్యాసం ఆ కోరికకు మా సమాధానం. నీటి విషయంలో పూర్తిగా విచారించకుండా వ్రాసినందుకు, శ్రద్ధ లేదని తీర్పు చెప్పినందుకు ఆయనకు, ఆయన కుటుంబానికి మా విచారం తెలియజేసుకొంటున్నాము.

మెస్సు గుమ్మం ప్రక్కన ఇప్పుడు ఒక నోటుపుస్తకం దారంతో వ్రేలాడుతున్నది. అట్టపై ఆ గుండ్రని వ్రాతలోనే ‘తప్పుంటె ఇండ్ల రాయుండ్రి’ అని ఉన్నది. ఆ రాత్రి మేము అందులో రెండు వాక్యాలు వ్రాసి వచ్చాము: అన్నం వేడిగా ఉన్నది. తువ్వాలు రోజూ మార్చండి.